పానకాలు కూతురి ర్యాంకు దాచిన కథ

అక్షతలు చేతబట్టి, మాటలు మాని, ఈ కథను ఆలకింపుడు.

ఒకనాడు ధర్మవ్రతుడను ముని సుమేధ మహర్షిని సమీపించి, "స్వామీ, కలియుగమున బిడ్డల చదువు పరీక్షలో వచ్చిన ఒక్క అంకెను బట్టి నడుచుచున్నది. ఆ అంకెను చూచి సిగ్గుతో కుమిలెడి తల్లిదండ్రులకు దారి యేది?" అని అడిగెను. అంతట సుమేధుడు ఇట్లు చెప్పెను.

మంగళగిరిలో పానకాలు అను నేతగాడు కలడు. అతని భార్య వీరరాఘవమ్మ. ఒక్కతే కూతురు ఇందుమతి. ఆ చిన్నది ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష వ్రాయగా ముప్పది ఎనిమిది వేల ర్యాంకు వచ్చెను. పేటవారు అడుగగా పానకాలు సిగ్గుపడి, చివరి సున్న మ్రింగి, మూడువేల ఎనిమిది వందలని చెప్పెను. వారు సంతోషించి ఇందుమతికి శాలువ కప్పిరి. ఆ పిల్ల నేల చూచుచు నిలిచెను.

పిమ్మట కౌన్సెలింగు వచ్చెను. కోరిన కళాశాలలను వరుసగా వ్రాసినచో, ర్యాంకు అందినచోట సీటు ఇత్తురు. తన మాట బయటపడునని పానకాలు గొప్ప కళాశాలలు ఆరు మాత్రమే వ్రాయించెను. సీటు రాదయ్యెను. రెండవ విడతలో మరి నాలుగు చేర్చెను, అవియు పేరుమోసినవే. మరల సీటు రాదయ్యెను. ఇందుమతి గడప దాటుట మానెను.

అంత శారదాదేవి కనికరించి, నూలు కండెలు చుట్టెడి ముదుసలి రూపమున వారి ఇంటికి వచ్చి, "పిల్లకెంతొచ్చిందయ్యా?" అని అడిగెను. పానకాలు అలవాటుగా మూడువేల ఎనిమిది వందలనెను.

లోపలినుండి ఇందుమతి వచ్చి, "నాకొచ్చింది చెప్పుకోలేకపోతే, నన్ను కూతుర్నని కూడా చెప్పుకోమాక నాన్నా" అని ఏడ్చెను.

పానకాలు మగ్గము మీదనే తలవంచుకొని కూర్చుండెను. ముదుసలి అతనికి వ్రతవిధానము చెప్పెను. శుక్రవారమున, అబద్ధము విన్నవారినెల్ల పిలిచి, దేవి ఎదుట పసుపు బియ్యము మీద ర్యాంకు కార్డునుంచి, ఉన్న అంకెను చదివి, బిడ్డనే క్షమాపణ వేడవలెనని చెప్పి వెడలిపోయెను.

శుక్రవారము పేటవారందరు వచ్చిరి. పానకాలు దేవి ఎదుట పసుపు బియ్యము పోసెను. వీరరాఘవమ్మ కార్డు అందించి ప్రక్కన నిలిచెను. అప్పుడతడు, "ముప్పై ఎనిమిది వేలండీ. అమ్మాయి తప్పేం లేదు. సిగ్గేసి నేనే అబద్ధమాడాను. ఇందూ, నన్ను క్షమించమ్మా" అనెను.

ఎవరును నవ్వలేదు. పొరుగింటి సాంబ్రాజ్యము కన్నులొత్తుకొని, "మావాడిది లక్షా పదివేలన్నా. మీ అమ్మాయికి మూడువేలని విని, వాణ్ణి నెల్లాళ్ళు తిట్టిపోశాను" అనెను. అది విని పానకాలు మునుపటికంటె ఎక్కువ సిగ్గుపడెను. తాను మ్రింగిన సున్న మరియొక ఇంటి బిడ్డను కాల్చినదని అప్పుడెరిగెను.

చివరి విడతలో కూతురిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నిరుడు ఏ ర్యాంకుకు ఎచ్చట సీటు వచ్చెనో ఆమెచేతనే చదివించి, నలుబది కళాశాలలు వ్రాసిరి. పదునేడవదానిలో సీటు వచ్చెను. అది గొప్పది కాదు, ఆమె కోరిన చదువున్నది. ఇందుమతి ఆ సాయంకాలము వీధి అరుగు మీద కూర్చుండి, అడిగినవారికి తన ర్యాంకు తానే చెప్పెను.

కావున పరీక్ష వ్రాసిన బిడ్డలున్నవారు, ఫలితము కొరకు ఎదురుచూచువారు, ఫలితము దాచినవారు ఈ వ్రతమాచరింపవలెను. ర్యాంకు మారదు. సీటుకు దారి కనబడును. పొరుగు బిడ్డకు తిట్లు తప్పును. తండ్రి ఎదుట బిడ్డయు, బిడ్డ ఎదుట తండ్రియు తలయెత్తుకొని అన్నము తినుదురు. అక్షతలు ముందు బిడ్డల శిరస్సున వేసి, పిదప మీరు ధరింపుడు.