పల్లకీ ఎటు పోవాలి?

పొరుగు రాజ్యపు సంతకు వెళ్లే వర్తకుల బండ్లను చూస్తే చాలు, చిత్రకేతు మహారాజుకు కడుపు మండిపోయేది. తానూ ఒక పెద్ద సంత పెట్టాలని, చోటు చూడటానికి పల్లకీలో బయలుదేరాడు.

"రేవుకు పోనివ్వండి," అన్నాడు గుర్రం మీదున్న మంత్రి.

"కాదు, కొండకు!" అన్నాడు సేనాపతి.

బోయీల పెద్ద గవరయ్య సైగ చేశాడు. ముందువాళ్లు రేవు వైపు, వెనకవాళ్లు కొండ వైపు లాగారు. పల్లకీ గిర్రున తిరిగింది.

"కొరడా దెబ్బలు కావాలా? పొరుగు రాజు బోయీలు గాలిలా పరుగెడతారు!" అని రాజు మండిపడ్డాడు.

"వాళ్ల భుజాలూ మావంటివే ప్రభూ. కాకపోతే ఎటు పోవాలో వాళ్లకు అందరూ ఒకే మాట చెబుతారు," అన్నాడు గవరయ్య.

రాజు మంత్రినీ సేనాపతినీ గుర్రాలు దింపి, ఒక్క మాట మీదికి వచ్చేదాకా పల్లకీ మోయమన్నాడు.

నాలుగడుగులు వేశాడో లేదో, సేనాపతి రొప్పుతూ అన్నాడు: "రేవే మంచిది ప్రభూ! బరువు మోసేవాడికి పల్లం దారే మేలు."