శరభయ్య కోరుకున్న చోటు

గిరిపురం రాజుగారి రథశాలకు శరభయ్య అధికారి. ఇరవై ఏళ్లుగా రథాలు చూసుకుంటున్నా, రాజుగారు ఒక్కసారి కూడా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోలేదు. అలాంటిది, రథం కుదుపు తగ్గేలా ఇరుసు మీది ఇనప కమాన్లు బాగుచేశాడని కమ్మరి గవరయ్యను పక్కన ఎక్కించుకుని ఊరంతా తిప్పారు. ఆ పూట శరభయ్యకు అన్నం సయించలేదు.

మర్నాడే కొలువులో ఎనిమిది ఇనప సీలలు గలగలా పోశాడు.

"ప్రభూ, కమాన్లు విప్పినప్పుడు గవరయ్య ఈ పాత సీలలు పారేసి కొత్తవి వేశాడు. వీటికేం రోగం? నిక్షేపంలా ఉన్నాయి. అంతా దుబారా!"

"ఏమంటావు గవరయ్యా?" అన్నారు రాజుగారు.

"బరువు మోసి సాగిన సీల పైకి బాగానే కనిపిస్తుంది ప్రభూ. మళ్లీ బిగిస్తే ఏ లోయ దారిలోనో తెగుతుంది. అయినా పెద్దాయన మాట కాదనను. రథానికి ఎడమవైపు ఈ పాతవే బిగిస్తాను, కుడివైపు కొత్తవి ఉంచుతాను. రేపు కొండ దిగేటప్పుడు అయ్యగారు తమరి పక్కన కూర్చోవాలి. ఏ వైపో ఆయన్నే కోరుకోమనండి."

ఇరవై ఏళ్ల కోరిక తీరే వేళ శరభయ్య లెక్కలు వేసుకున్నాడు. ఎడమ అంటే తన ప్రాణానికి ముప్పు. కుడి అంటే రాజుగారిని పాత సీలల మీద కూర్చోబెట్టినట్టు.

"చెప్పవయ్యా!" అన్నారు రాజుగారు.

"నేను... వెనకాల నడిచొస్తాను ప్రభూ."

రాజుగారు సీలలవైపు చూశారు. "అయితే ఇవి కూడా మోసుకురా. నిక్షేపంలా ఉన్నాయన్నావుగా!"