రెండో ధార

ఆచార్య ఆళ్వారయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు వచ్చేది కాదు, పని వచ్చేది. ఉద్యోగ విరమణ అయ్యాక కూడా ఆయన హైదరాబాదులోని ఆ ఖగోళ పరిశోధన సంస్థకు రోజూ వచ్చి, లైబ్రరీ పక్క గదిలో కూర్చునేవారు. ఆయన దగ్గర చివరగా చేరిన శిష్యురాలు కెజియా. ఒకనాడు ఆమె కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పి, కొంచెం ఉక్రోషంగానే అడిగింది: "కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని మీరెందుకు నమ్మరు సార్?"

తెర మీద ఉన్నది ఒక దూరపు గెలాక్సీ నడిబొడ్డు. అక్కడున్న కృష్ణబిలం దగ్గరి నుంచి పదార్థం రెండు వైపులా ధారలుగా చిమ్ముతుంది. మన వైపు వచ్చే ధార అందరూ చూసిందే. అవతలికి పోయేది బాగా మసకబారుతుంది కనుక, ఈ గెలాక్సీలో అది ఇంతవరకు ఎవరికీ చిక్కలేదు. కెజియా చిత్రంలో చిక్కింది, సన్నగా, కొసన చిన్న వంపుతో. ఆమెకు ఈ విద్యలో ఓనమాలు దిద్దించిన సీనియరు మహీధర్ అది చూసి గంతేసినంత పని చేశాడు. అతన్ని ఆమె అన్నా అనే పిలిచేది. సంస్థలో ఖాళీ అయిన అధ్యాపక పదవికి అప్పుడు అతని పేరే నలుగుతోంది. దీని మీద ఇద్దరూ కలిసి రాస్తున్న వ్యాసం అచ్చయితే అతనికి పదవి, ఆమెకు డాక్టరేటు.

ఆళ్వారయ్య గారు వాదించలేదు. దేన్ని చూసిందో పేరు తీసేసిన డేటా ఒకటి ఇచ్చి, "దీన్ని కూడా నీ పద్ధతిలోనే, ఏమీ మార్చకుండా చేసి పట్టుకురా అమ్మా," అన్నారు.

ఆ పద్ధతి సంగతి ఇక్కడే చెప్పాలి. వేల మైళ్ళ ఎడంలో ఉన్న రేడియో డిష్‌లన్నీ ఒకేసారి ఒకే చోటును చూసి, నమోదు చేసుకున్నదంతా ఒక దగ్గర కలిపితే భూగోళమంత కన్ను తయారవుతుంది. కాని ఆ కంటినిండా చిల్లులే. డిష్ లేని చోటల్లా కంప్యూటరు ఊహించి పూడ్చాలి. ఆ ఊహకు మొదటి గీత గీసి ఇచ్చేది మనిషి. మహీధర్ సలహా మీద కెజియా రెండు ధారలు గీసి ఇచ్చింది.

మర్నాడు ఆమె పరుగున వచ్చింది. "సార్, ఇందులోనూ వచ్చింది! అదే వంపు! ఇది నా గెలాక్సీనే వేరే ఏడాది చూసింది కదా? ఇంకేం అనుమానం?"

"ఇది నీ గెలాక్సీ కాదమ్మా. డిష్‌లు సరిచూసుకోవడానికి మనం వాడే చుక్క. దీనికి ఒక్క ధార కూడా లేదు."

కెజియా వెళ్ళి తన డేటానే మళ్ళీ మొదటినుంచి, ఈసారి ధారలేవీ గీయకుండా ఉత్త చుక్క ఒకటే ఇచ్చి చేసింది. మన వైపు ధార వచ్చింది. రెండోది రాలేదు. ఎన్ని విధాల చేసినా రాలేదు.

క్యాంటీనులో మహీధర్‌కు చెప్పింది. "అన్నా, అది లేదు. అది మనం గీసిందే."

అతను టీ తాగడం ఆపలేదు. "లేదని మాత్రం ఎవరు చూశారు? ఇంతకన్నా పెద్ద ఏర్పాటుతో ఇంకెవరైనా చూసేదాకా ఉన్నట్టే."

"అయితే నా పేరు తీసెయ్."

బతిమాలతాడనుకుంది. కనీసం కోప్పడతాడనుకుంది. "నీ ఇష్టం," అన్నాడతను, మెత్తగా, క్షణం తడుముకోకుండా.

వ్యాసం ఆమె పేరు లేకుండా వెలువడింది. ఆళ్వారయ్య గారు అభ్యంతరం చెబితే, పెద్దాయన చాదస్తమని గౌరవంగా పక్కన పెట్టారు. మహీధర్‌కు శాలువా కప్పారు, పదవి ఇచ్చారు. కెజియా సిద్ధాంత గ్రంథం చూసి పరీక్షకులు ఇందులో కొత్తదేముందని వెనక్కి పంపారు. ఫెలోషిప్ గడువు తీరిపోయింది. ఆమె భీమవరంలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకోసాగింది.

కొన్నేళ్ళకు వేరే దేశాల వాళ్ళు మరిన్ని డిష్‌లు కలిపి అదే గెలాక్సీని చూశారు. రెండో ధార లేదు. పత్రికలో ఓ మూల చిన్న సవరణ పడింది. అప్పటికి మహీధర్ శాఖాధిపతి. విజ్ఞానశాస్త్రం గొప్పతనమంతా తన తప్పు తాను దిద్దుకోవడంలోనే ఉందని అతను సభలో ప్రసంగిస్తే పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట.

ఆ ప్రసంగం సంగతి విన్నాక కెజియా సెలవులకు హైదరాబాదు వచ్చింది. ఆళ్వారయ్య గారి ఎదుట కూర్చుంది.

"ఆ చుక్క డేటా నాకు ఇవ్వకపోయి ఉంటే బాగుండేది సార్. తెలియక చేసిన తప్పుతో నేనూ సుఖంగానే ఉండేదాన్ని. ఇచ్చేదేదో అతనికే ఇవ్వాల్సింది."

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"నీకన్నా ముందు అతనికే ఇచ్చానమ్మా," అన్నారు. "అదే వంపుతో చేసి తెచ్చాడు కూడా."