కుండలో బుడబుడలు ఎందుకు ఆగుతాయి?

ఒకప్పుడు కుండలో బెల్లంనీళ్లు చడీచప్పుడూ లేకుండా పులిసేవి. నురగ లేదు, బుడగ లేదు. పులవడం ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజుల్లో కొండ దిగువన చిలకమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమె ఇంట్లో తీపి, పులుపు అని ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవారు. అక్క తీపి బెల్లం బుట్టలో ఉండేది. చెల్లెలు పులుపు మూలనున్న చింతపండు కుండలో ఉండేది.

తీపి చుట్టూ ఎప్పుడూ సందడే. చీమలు బారులు తీరి వచ్చేవి. తేనెటీగలు పాటలు పాడేవి. పిల్లలు వేళ్లు నాకేవారు. పులుపు దగ్గరికొచ్చినవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని, మొహం చిట్లించి వెళ్లిపోయేవారు.

"చీమా, ఒక్కసారి నా దగ్గరికి రావూ?" అని పులుపు బతిమాలింది.

"అమ్మో, నీ దగ్గరికా? పళ్లు జివ్వుమంటాయి!" అంటూ చీమ బెల్లం బుట్ట ఎక్కేసింది.

పులుపుకి కడుపు మండిపోయింది.

ఇంతలో పండగొచ్చింది. తమ్ముడు సింహాద్రి వస్తున్నాడని చిలకమ్మ కుండలో నీళ్లు పోసి బెల్లం కలిపింది. "తీపీ, మా తమ్ముడికి నువ్వంటే ప్రాణం!" అంది మురిసిపోతూ.

'నేనంటే ఎవరికీ ప్రాణం కాదు' అనుకుంది పులుపు. ఎవరూ చూడకుండా ఆ కుండలోకి దూకేసింది. తీపిని కొద్దికొద్దిగా కొరకడం మొదలుపెట్టింది.

"నన్నెందుకే తింటున్నావు, చెల్లీ?"

"నువ్వున్నంతకాలం నా మొహం ఎవరు చూస్తారు?"

ఈ సంగతి చిలకమ్మకు తెలియదు. కుండలోని నీళ్లు కొన్ని సొరబుర్రలో పోసి, బిరడా గట్టిగా బిగించింది. సింహాద్రి వచ్చి బుర్ర చేతిలోకి తీసుకున్నాడో లేదో, ఢామ్మని పేలింది! పెంకు ఎగిరి కనుబొమ్మ మీద తగిలింది. బొటబొటా రక్తం.

"పండగకి పిలిచి చంపేద్దామనుకున్నావా అక్కా?" అని కోపంగా అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

చిలకమ్మ ఏడుస్తూ కుండ దగ్గరికెళ్లింది. "లోపల ఎవరది?"

"నేనే, పులుపుని. అక్క మీద కుళ్లు. పైకి చెప్పలేక లోపలే అణుచుకున్నాను. నా ఊపిరికి బుర్ర పగిలిపోయింది."

చిలకమ్మకు ఒళ్లు మండింది. పారబోద్దామని కుండ ఎత్తింది. అప్పుడు తీపి నీరసంగా పిలిచింది.

"పారబోయకమ్మా. ఎలాగూ సగం అయిపోయాను. మిగతాది కూడా దాన్నే తిననీ. పాపం, దాన్ని ఎవరూ ఎప్పుడూ రమ్మనలేదు."

చిలకమ్మ కుండ దించింది. "సరే పులుపూ, తిను. కానీ నీ కుళ్లు దాచుకోకు. పైకే అను, నాకు వినబడాలి. ఈసారి మూత వదులుగానే పెడతాను."

అంతే! పులుపు నోరు విప్పింది. "నీకే చీమలు! బుడుక్. నీకే పిల్లలు! బుడుక్. అన్నీ నీకే! బుడుక్ బుడుక్!" కుండ నిండా నురగ లేచింది. చిలకమ్మ రోజూ చెవి పెట్టి వినేది. పోనుపోను బుడగలు పలచబడ్డాయి. ఒక పొద్దున ఏ చప్పుడూ లేదు. వేలు ముంచి నాకి చూస్తే తీపి చుక్కయినా లేదు.

లోపల పులుపు, "అక్కా?" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచింది. ఇంక కుళ్లుకోవడానికి ఎవరున్నారు? పులుపు నోరు మూసుకుని, మెల్లగా కుండ అడుక్కి దిగి కూర్చుంది. పైన నీళ్లు తేటపడ్డాయి.

చిలకమ్మ ఆ తేటనీళ్లు ఇంకో బుర్రలో పోసుకుని తమ్ముడి ఇంటికెళ్లింది. సింహాద్రి గుమ్మం చాటునే నిలబడ్డాడు. ఆమె బుర్రను తన మొహానికి దగ్గరగా పెట్టుకుని బిరడా లాగింది. ఏమీ పేలలేదు. "రా తమ్ముడూ" అంది. అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

అప్పటినుంచే బెల్లంనీళ్లు తీపి ఉన్నంతసేపూ బుడబుడమని సణుగుతాయి. తీపి అయిపోగానే చప్పుడు మానేసి, మడ్డి అడుక్కి దిగి, తేటపడతాయి.