వాటాకి సరిపడా

బందరు రేవులో మిరియాల వర్తకుడు పేరిశెట్టికి నాలుగు రోజులుగా ధ్యానంలో మనసు నిలవడం లేదు.

ఆరుగురు కలిసి మలబారుకి పంపిన ఓడలో అతనికీ ఒక వాటా ఉంది. ఓడ తిరిగొస్తే అతని వంతు ఐదు బస్తాల మిరియాలు. ఆ వాటా కోసం వితంతువైన వదిన మెడలో గొలుసు తీసిస్తే తాకట్టు పెట్టాడు. ఇప్పుడేమో అక్కడ పంట విరగకాసిందని, ధర పడిపోతుందని రేవంతా ఒకటే గుసగుసలు.

గురువు కరీమ్ షా బాబా దగ్గరికెళ్ళి గోడు చెప్పుకున్నాడు.

"వాటా అమ్మెయ్యి," అన్నాడు బాబా.

"ఓడ చేరేదాకా ఎవరమూ తప్పుకోకూడదని ఒట్టేసుకున్నాం బాబా."

బాబా లేచి దర్గా వంటకొట్టు తలుపు తీశాడు. మూడు నెలల్లో రాబోయే ఉరుసు కోసం దాచిన మిరియాలు అక్కడున్నాయి. సరిగ్గా ఐదు బస్తాలు.

"ఇవి బదులు పట్టుకెళ్ళు. ఇవాళ్టి ధరకి అమ్ముకో. ఉరుసుకి ముందు ఐదు బస్తాలు తెచ్చి ఇక్కడ పెట్టు."

పేరిశెట్టి ఆలోచించాడు. ధర పడితే ఓడ సరుకులో నష్టపోతాడు. కానీ బదులు తీర్చే బస్తాలు చౌకగా దొరుకుతాయి, అటు పోయింది ఇటు వస్తుంది. పెరిగితే ఇటు పోయింది అటు వస్తుంది.

అతని మొహం వెలిగిపోయింది.

"ధర పడటం ఖాయమే కదా బాబా! కాసిం సాహెబు గోదాములో ఇరవై బస్తాలున్నాయి. అవీ బదులు తెచ్చి అమ్మేస్తాను."

"ఓడలో నీవి ఎన్ని?"

"ఐదు."

"మరి ఆరో బస్తా గురించి నీకేం దిగులు?"

పేరిశెట్టి తలదించుకున్నాడు. ఐదు బస్తాలే బండికెత్తాడు. ఆ సాయంత్రమే అమ్మిన డబ్బుతో వదిన గొలుసు విడిపించి ఆమె చేతిలో పెట్టాడు.

ధర పడలేదు. దారిలో తుపానుకి రెండు ఓడల సరుకు తడిసి పాడైంది. పేరిశెట్టి వాళ్ళ ఓడ మాత్రం క్షేమంగా చేరింది. అప్పటికి మిరియాలు రెట్టింపు ధర పలుకుతున్నాయి. తన వంతు ఐదు బస్తాలూ అతను నేరుగా దర్గాకి తోలించాడు.

"ఆ రోజు తొందరపడకుండా ఉంటే ఇవాళ రెట్టింపు వచ్చేదని తోటివాళ్ళు నవ్వుతున్నారు బాబా," అన్నాడు.

"నీ భయాన్ని అప్పుడే అమ్ముకున్నావు కదా నాయనా. ఇప్పుడదీ వెనక్కి కావాలా?"

పేరిశెట్టి చివరి బస్తా భుజానికెత్తుకుని కొట్లోకి నడిచాడు.