నాంచారమ్మ చెప్పడం మరిచిన మెట్టు

అనగనగనగా, రైలుగేటు దాటగానే ఒక ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఊఁ కొడుతూ వినాలి మరి. నీ ఊఁ ఆగితే నా కథా ఆగిపోతుంది.

నాంచారమ్మకి ఒక హార్మోనియం ఉండేది. కాళ్ళతో తొక్కుతుంటే లోపల తిత్తి గాలి పీల్చి పాడేది. ఆవిడ ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న కొనిపెట్టాడు. అప్పటి నుంచీ నాటకాలకి అదే వాయించింది. రాజు వేషం కట్టినాయన పద్యం మధ్యలో రాగం తప్పితే, పక్కన కూర్చుని వేళ్ళతో చటుక్కున సర్దేసేది. జనానికి తెలిసేదే కాదు.

ఆ తర్వాత ఏమైందీ? మోకాళ్ళు పట్టేశాయి. రోజూ తొక్కకపోతే తిత్తి తోలు ఎండి పగిలిపోతుందమ్మా. "నా దగ్గర మూగబోవడమెందుకు? ఇంకొకరి దగ్గరన్నా పలకనీ" అని, కళ్ళు తుడుచుకుని, అమ్మకానికి పెట్టింది.

మొదట ఒక లాడ్జీ ఆయన వచ్చాడు. "హాల్లో పెట్టి, పైన పూలకుండీ పెడతామండీ" అన్నాడు.

"రోజూ దాని నెత్తిన నీళ్ళు కూడా పోస్తారా?" అని, మజ్జిగిచ్చి పంపేసింది.

అప్పుడు హార్మోనియాలు బాగుచేసే ఆయన వచ్చాడు. "లోపల పలికే రీడ్లు పీక్కుపోతాను. చెక్కపెట్టె మీరే ఉంచుకోండి" అన్నాడు.

"ప్రాణం నీకూ, బొమికలు నాకూనా నాయనా?" అంది. ఆయనకీ మజ్జిగే.

ఆ తర్వాత ఇంకో ఊరి నుంచి నాటకాల వీర్రాజు వచ్చాడు, కూతురు శేషుకుమారిని వెంటబెట్టుకుని. ఆ అమ్మాయి కొత్తగా వాయించడం నేర్చుకుంది. ఇంకా స్టేజీ ఎక్కలేదు, మూడోనాడే మొదటి నాటకం.

నాంచారమ్మ ముందుగా లోపాలే చెప్పింది. ఎడమ పెడలు కిర్రుమంటుంది. వానాకాలం వేలితో నొక్కే మెట్టొకటి అతుక్కుంటుంది. మూల చెక్క ఎలుక కొరికింది.

వీర్రాజు నవ్వాడు. "ఏం పిన్నిగారూ, అమ్ముతున్నారా, కొనొద్దంటున్నారా?"

"ఉన్నవన్నీ చెప్పాను నాయనా. ఇక దాచిందేం లేదు."

శేషుకుమారి సిగ్గుపడి, "మీరే ఒకసారి వాయించండి మామ్మగారూ" అంది. నాంచారమ్మ పళ్ళ బిగువున తొక్కుతూ ఒక పద్యం వాయించింది. ఎంత బాగా వాయించిందనుకున్నావు! వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు. వీర్రాజు వెంటనే కొనేసి, బండి మీద తీసుకెళ్ళాడు.

మూడోనాడు నాంచారమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ పద్యమే కూనిరాగం తీస్తోంది. వేళ్ళు ఊరుకుంటాయా? చేట అంచు మీద ఆడుతున్నాయి. ఒకచోట ఉంగరం వేలు గబుక్కున గెంతింది.

"ఇదెందుకు గెంతిందీ?" అనుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. పదో ఏట పై వరసలో ఒక మెట్టు మూగబోయింది. "పక్కదాంతో సర్దుకోవే" అన్నాడు నాన్న. సర్దుకుంది. యాభై ఏళ్ళు సర్దుకుని సర్దుకుని, సర్దుకుంటున్న సంగతే మర్చిపోయింది!

"అయ్యో, ఇవాళ సాయంత్రమే ఆ పిల్ల మొదటి నాటకం. జనం ముందు నగుబాటైపోతుందే!"

చిక్కుళ్ళు చిక్కుళ్ళలాగే వదిలేసింది. డబ్బు కొంగున ముడేసుకుంది. కొంత దూరం బస్సులో వెళ్ళింది. కొంత దూరం ఆటోలో వెళ్ళింది. చివరికి చేలగట్టు మీద, ఆ మోకాళ్ళతోనే నడిచింది.

వెళ్ళేసరికి తెర వెనక శేషుకుమారి ఏడుస్తోంది. వేలికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"నేను వాయించను మామ్మగారూ. పై మెట్టు ఎంత నొక్కినా నాకు పలకదు. మీరు లోపాలన్నీ చెప్పారు కదా, ఇది చెప్పలేదంటే తప్పు నా వేలిదే. మీకు పలికిందిగా! మూడు రోజుల నుంచీ నొక్కుతున్నాను."

విన్నావా? ఆవిడ మాట మీద అంత నమ్మకం ఆ పిల్లకి. ఆ నమ్మకంతోనే వేలు కందిపోయింది.

నాంచారమ్మ గొంతు తగ్గించి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. కిరీటాలవాళ్ళూ గదలవాళ్ళూ అందరూ వినేట్టు చెప్పింది. "తప్పు నీ వేలిది కాదు తల్లీ, నాది. ఆ మెట్టు మూగది. నేను దాన్ని దాటేసి వాయించాను. ఇదుగో మీ డబ్బు, నా పెట్టె నాకిచ్చేయండి."

భీముడి వేషగాడు గద కింద పడేశాడు. "అయ్యబాబోయ్, మూడు రోజులుగా పిల్లని నేనే తిట్టిపోశానండీ!"

శేషుకుమారి ముక్కు తుడుచుకుని, డబ్బు మళ్ళీ ఆవిడ కొంగునే ముడేసింది. "డబ్బొద్దు. ఎలా దాటాలో నేర్పించండి, చాలు."

అప్పుడు ఆవిడ ఆ పిల్ల వేలు పట్టుకుని నేర్పించింది. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి వేలు లేడిపిల్లలా గెంతింది.

తెర లేచింది. వీర్రాజు పద్యం ఎత్తుకున్నాడు. రాగం పైకీ పైకీ వెళ్ళింది. శేషుకుమారి వేలు ఆ మెట్టు దాటేసింది. ఎవరికీ తెలియలేదు.

"వన్స్ మోర్!" అని జనం అరిచారు. అందరికంటే గట్టిగా అరిచిందెవరనుకున్నావు? ముందు వరసలో, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచి నిలబడి, మన నాంచారమ్మే!

ఊఁ లేదేం? పడుకున్నావా బంగారం?

కథమ్మ కంచికి కదిలెళ్ళింది,
నిదరమ్మ మనింటికి నడిచొచ్చింది.