చక్రాలు ఊడదీసిన సబ్‌స్టేషన్

కోళ్లగుట్ట మీద పాత రోజుల మాట వస్తే, ముసలివాళ్లు ఇప్పటికీ ముందుగా తలుచుకునేది బండి సబ్‌స్టేషన్‌నే. పెద్ద ట్రాలీ మీద ట్రాన్స్‌ఫార్మర్, స్విచ్చులు, తీగల చుట్టలు బిగించిన బండి అది. గుట్ట మీది అసలు సబ్‌స్టేషన్ చెడిపోతే దాన్ని తెచ్చి కలిపేవారు. లాగేవాడు ఎర్రెద్దు గౌరన్న. తుపాను వచ్చిన ఏడు మోకాలి లోతు బురదలో లాక్కొచ్చి, గుడ్లు పొదిగే పెట్టెలకు కరెంటు అందించాడు. ఆ ఏడు పుట్టిన కోడిపిల్లలన్నిటినీ గౌరన్న పిల్లలనే పిలిచేవారు.

తరవాత మూడేళ్లు బండి కదల్లేదు. లోయలో ఉండే నక్క సోమలింగం ఓ ఉదయం పంచాయితీకి వచ్చి, వాడని బండికి ఏటా నూనె మార్చడం, టైర్లు వేయడం, ఎద్దును మేపడం దేనికని అడిగాడు. గౌరన్న కాదనలేదు. పైగా ఆ బండి సగం బరువే మోస్తుందని, పెట్టెలు నడిస్తే నీళ్ల మోటారు ఆపుకోవాల్సిందేనని తానే ఒప్పుకున్నాడు.

"ఖర్చు నిజమే సోమలింగం. తుపాను ఏడు అది లేకపోతే ఎన్ని పిల్లలు పోయేవో, అదీ లెక్కలో వెయ్యాలి కదా" అన్నాడు.

"పోనీ మామా, మా లోయలో పెట్టండి. పెద్ద లైను మా మీదుగానే పోతోంది. రోజూ వాడుకుంటాం, బాగోగులు మేమే చూస్తాం. మీకు కావాల్సిన రోజు తోలుకుపోండి."

ఇద్దరికీ మేలేనని అందరూ సరేనన్నారు. బండి లోయకు చేరిన వారానికే, మళ్లీ అడుగుతారన్న భయంతో సోమలింగం చక్రాలు ఊడదీసి వాగులోకి దొర్లించాడు. బండిని సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టాడు.

ఎండలు ముదిరాక గుట్ట మీది ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పెట్టెల్లో మూడు వందల గుడ్లున్నాయి. గౌరన్న పరుగున లోయకు దిగి, దిమ్మెను చూసి చక్రాలేవని అడిగాడు. చక్రాలు తుప్పు పట్టి విరిగిపోయాయని చెప్పి సోమలింగం తలుపు వేసుకున్నాడు.

గౌరన్న ఉత్త చేతులతో రావడం ముసలి కోడి రంగవ్వ చూసింది. పడుచు కోళ్లను పిలిచి గడ్డి పరిపించింది. వాటిలో ఒక్కటీ అంతకుముందు ఎన్నడూ పొదగలేదు. "కదలకండమ్మా. రోజూ గుడ్డును ఇటూ అటూ తిప్పండి. మా అమ్మ ఇట్లానే కూర్చునేది" అని పక్కనే కూర్చుని నేర్పింది. చల్లారిపోయిన గుడ్లు నలభై పోయాయి. తక్కినవి పిల్లలయ్యాయి. ఈలోగా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. అయినా ఆ రోజుల వెచ్చదనం గురించి ఆ కోళ్లు ముసలితనం దాకా చెప్పుకున్నాయి.

వానాకాలంలో వాగు పొంగి లోయలోకి వచ్చింది. సోమలింగం రొప్పుతూ గుట్టెక్కి, బండిని పైకి లాగమని బతిమాలాడు. గౌరన్న పాతవి తలుచుకోకుండా కాడి వేసుకుని దిగాడు. పొట్ట దాకా నీళ్లలో నిలబడి శక్తికొద్దీ లాగాడు. బండి అంగుళం కదల్లేదు.

"చక్రాలుంటే గట్టెక్కేది సోమలింగం" అన్నాడు నెమ్మదిగా.

వాళ్ల కళ్ల ముందే నీళ్లు ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా పోయాయి. లోయకు మళ్లీ కరెంటు రాలేదు.

ఆపదకని ఉంచుకున్నది ఊరికే నిలబడ్డ రోజుల్లో కూడా మనల్ని కాస్తూనే ఉంటుంది.